ఎస్తరమ్మ కిందికి దిగిన రోజు

సైగాన్‌లో చూడవలసినవాటిని మనవరాలు ప్రిన్సీ ఫోనులో చదివి వినిపిస్తుంటే ఎస్తరమ్మ చెవికెక్కింది ఒక్కటే. ఊరికి దూరంగా కూచీ అనే చోట పాత యుద్ధం నాటి సొరంగాలున్నాయట. వచ్చినవాళ్ళు లోపలికి దిగి పాక్కుంటూ పోయి చూడవచ్చట, ఆడవాళ్ళు కూడా. ఆ చివరి మాట కోసమే ఆమె పాస్‌పోర్టు తీయించుకుంది.

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో గనివాళ్ళ లైన్ ఇళ్ళలో పుట్టి, అదే లైన్లో కాపురం చేసిన మనిషి ఆమె. తండ్రి గనిలో దిగాడు, మామ దిగాడు, మొగుడు చిన్నప్ప దిగాడు. ఆడవాళ్ళను మాత్రం దిగనిచ్చేవారు కాదు. మగవాళ్ళకు అన్నం కట్టి పంపడమే తప్ప, వాళ్ళు కూర్చుని తినే చోటు ఎలా ఉంటుందో ఆమె ఎరగదు. అడిగితే చిన్నప్ప, "చీకటే కదా, ఏముండాది చెప్పను" అనేవాడు. షిఫ్టు ముగించుకుని వచ్చినవాడు ఇంట్లోకి రాకుండా మెట్టు మీద కూర్చుని, మొహం పైకెత్తి ఆకాశం చూస్తూ ఉండిపోయేవాడు. కాఫీ చల్లారిపోతోందని ఈమె లోపలినుంచి కేకలేసేది. "ఇంగ రవ్వంత సేపు" అనేవాడు. పెళ్ళాం మొహం చూడను తీరికలేనివాడికి ఆకాశంలో ఏం కనబడుతుందోనని ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత గని మూతపడింది, లోపల నీళ్ళు నిండిపోయాయి. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని చిన్నప్ప కూడా పోయాడు. ఇక అడగడానికి మనిషీ లేడు, చూడడానికి చోటూ లేదు.

అందుకే, బెంగళూరులో ఉద్యోగం చేసే మనవరాలు సైగాన్ చూసొస్తానన్నప్పుడు తానూ వస్తానని పట్టుబట్టింది. కొడుకు నెల్సన్ మోకాళ్ళ నొప్పుల సంగతి గుర్తుచేశాడు. ఆమె వాదన పెట్టుకోలేదు. మర్నాటినుంచి మంచం కింద ఈ కొసనుంచి ఆ కొసకు పాకడం మొదలుపెట్టింది. పక్కింటి నాగరత్న వంగి చూసి, ఏం పారేసుకున్నావక్కా అని అడిగి, సంగతి తెలిశాక పొట్ట పట్టుకుని నవ్వింది. లైన్లో అందరూ నవ్వారు. ఎస్తరమ్మ పాకుతూనే ఉంది.

సైగాన్‌లో దిగగానే స్కూటర్ల వరద ఎదురైంది. రోడ్డు దాటడానికి సందే లేదు. ఆగకుండా, పరిగెత్తకుండా నిదానంగా నడిస్తే వాళ్ళే తప్పుకుని పోతారని హోటల్లో పిల్ల చెప్పింది. ప్రిన్సీ ఇంకా తటపటాయిస్తుండగానే అవ్వ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, తమ ఊరి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో నడిచినట్టే నడిచి అవతల తేలింది. పేవ్‌మెంటు మీద పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళపై కూర్చుని ఇద్దరూ ఫో తిన్నారు. వేడివేడి ఎముకల చారులో బియ్యప్పిండి సేమ్యా, పక్కన తట్టెడు పచ్చి ఆకులు. ఆవుకు మేత వేసినట్టు వేశారని సణుగుతూనే ఆమె గిన్నె ఖాళీ చేసింది. కాఫీ మాత్రం మెచ్చుకుంది. గ్లాసు అడుగున చిక్కటి డబ్బాపాలు, పైనుంచి చుక్కచుక్కగా దిగే డికాషన్, కావాలంటే ఐసు. బెన్ థాన్ మార్కెట్లో మనవరాలు సంచుల బేరంలో ఉంటే, ఈమె రేపు కూచీ బస్సు ఎన్నింటికని అడిగింది. గులాబీ రంగు చర్చిలో మోకరించి, ఈ మోకాళ్ళు రేపొక్కరోజు మాట వినేలా చూడు ప్రభువా అని వేడుకుంది.

కూచీలో గైడు కుర్రాడు ఆమె నెరిసిన జుట్టు, చీర చూసి, పెద్దవాళ్ళు నీడలో కూర్చోవడం మంచిదన్నాడు. ప్రిన్సీకీ అదే మంచిదనిపించి, వద్దవ్వా అని చెయ్యి పట్టుకుంది.

"మీ తాత దినామూ దిగినాడు. నేను ఒక తూరి దిగేదానికి ఇంతమందిని అడగల్లా?" అనింది ఎస్తరమ్మ.

ప్రిన్సీ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక గైడు సరే అని దారి ఇచ్చాడు. తీరా సొరంగం నోటి దగ్గర ఆమే ఆగిపోయింది. "బిళ్ళ ఎవరి చేతికియ్యాల?" అని అడిగింది. గైడు టికెట్టనుకుని టికెట్టు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ పైన ఇచ్చి దిగాలి, వచ్చాక తిరిగి తీసుకోవాలి. బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. భూమి కిందికి పోయే చోటల్లా ఈ ఏర్పాటు ఉంటుందనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. లేదని తెలిశాక, వేలినుంచి పెళ్ళి ఉంగరం లాగి ప్రిన్సీ అరచేతిలో పెట్టింది.

"నేను పైకొచ్చి అడిగేదాకా దీన్ని వదలొద్దు."

లోపల వెచ్చటి మట్టి వాసన. కాసేపు వంగి, తర్వాత పాకుతూ పోయింది. ముందున్న గైడు మలుపు తిరిగేసరికి వెలుతురు పోయింది. తన చేతులే తనకు కనబడలేదు. పైకప్పు వీపుకు రాసుకుంటోంది. మంచం కింద ఈ భయం లేదు. కొంత దూరంలో పైకి పోయే దారి చూపించి గైడు రమ్మన్నాడు. ఆ కన్నంలో పగటి వెలుగు చూసి ఆమె ప్రాణం అటే లాగింది. చిన్నప్పకు మధ్యలో ఇట్లాంటి దారి ఉండిందా? మొహం తిప్పుకుని, చెయ్యి ముందుకు పెట్టి, చివరిదాకా పాకింది.

పైకి వచ్చేసరికి మోకాళ్ళు చీరుకుపోయాయి, చీరంతా మట్టి. పైనుంచే చుట్టు తిరిగి పరిగెత్తుకొచ్చిన ప్రిన్సీ కౌగిలించుకోబోతే ముందు చెయ్యి చాపి ఉంగరం తీసుకుంది. తర్వాత అక్కడే మెట్టు మీద కూలబడి మొహం పైకెత్తింది. చెట్ల మధ్యన ఆకాశం ఉంది. అంత పెద్దది ఉంది. కళ్ళు దించుకోబుద్ధి కాలేదు.

కాఫీ కొనడానికి కొట్టు దగ్గరికి పోయిన ప్రిన్సీ అక్కడినుంచి పిలిచింది, కాఫీలో ఐసు కరిగిపోతోంది రా అవ్వా అని.

"ఇంగ రవ్వంత సేపు" అనింది ఎస్తరమ్మ.

అన్నాక గానీ అది ఎవరి మాటో ఆమెకు తట్టలేదు. మొహం అట్లాగే పైకి పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ప్రిన్సీ వచ్చి పక్కన కూర్చుంది. కాఫీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.