వియ్యంకుడి పూర్వపక్షం

మా ముత్తాతగారి తండ్రి సంస్థానంలో ఆస్థాన పండితుడు. ముత్తాతగారు పరాయి ఆస్థానాల్లో వాదించి గెలిచి, పల్లకీలో ఇంటికి వచ్చినవారు. మా తాతగారి అరుగెక్కాలంటే తహసీల్దారైనా చెప్పులు విడిచేవాడు. నేను సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో, మనవరాలిని బడిలో దింపి వచ్చే తాతని. వంశం ఎంత దిగిందో ఇంతకంటె చెప్పక్కరలేదు. నడుము మాత్రం ఇంకా వంగలేదు. పోయిన వారం ఆ బడివాళ్ళు, పిల్లని ఏ మతం క్లాసులో కూర్చోబెట్టమంటారని అడిగారు. ఇక్కడ దాన్ని స్క్రిప్చర్ అంటారు. హిందువుల పిల్లలు ఒక గదిలో, క్రైస్తవుల పిల్లలు పక్క గదిలో. మా అమ్మాయి నన్ను అడగలేదు, తన మామగారినీ అడగలేదు, తానే తేల్చేసుకుంది. ఎనిమిదేళ్ళ కిందట ఇదే ఇంట్లో, ఒక ఆదివారం భోజనాల దగ్గర జరిగినదాన్ని అమ్మాయి ఇంకా మరిచిపోలేదు.

అప్పటికి ఆయన ఇంకా వియ్యంకుడు కాలేదు. గుంటూరు క్రైస్తవుడు. ఇక్కడే సిడ్నీలో, పారమట్టా పేటలో, పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీలో, క్రైస్తవం తొలినాళ్ళ చరిత్ర పాఠం చెప్పేవాడు. వాళ్ళబ్బాయీ మా అమ్మాయీ ఒకే ఆఫీసు, పెళ్ళి చేసుకుంటామన్నారు. ఆ మాట కలుపుకోవడానికి ఆ ఆదివారం వాళ్ళు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఆ ఉదయం అమ్మాయి వంటింట్లో నా ఎదుట నిలబడింది. "నాన్నా, లిజన్. ఇవాళ డిబేట్ మొదలుపెట్టారనుకోండి, మేం రిజిస్ట్రీకెళ్ళి సైన్ చేసేస్తాం. ఫొటోలు మీ ఫోన్‌కి పంపిస్తా." అది నా కూతురే. అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు.

ఆయన భార్యతో, కొడుకుతో, తన పెరట్లో పెంచిన గోంగూర సంచీతో దిగి, "నమస్కారం బావగారూ!" అన్నాడు. "ఇంకా కాలేదు లెండి," అన్నాను. మా ఆవిడ గబగబా కుర్చీలు జరిపింది.

పప్పు వడ్డించేదాకా వానలూ, ఇంటి ధరలూ మాట్లాడుకున్నాం. ఉండబట్టలేక నేనే అడిగాను: "మీ పాఠాల్లో, విగ్రహానికి దండం పెట్టేవాళ్ళని ఏమంటారండీ?"

"నాన్నా," అంది అమ్మాయి.

"అడగనీమ్మా," అన్నాడాయన. "అవి రోమ్ రోజుల నాటి మాటలండీ. మా పాత రచయితలు దాన్ని అజ్ఞానం అన్నారు."

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మాట మా ఇంట్లో, మా అన్నం ముందు వినబడింది. అయినా నేను వెంటనే విరుచుకుపడలేదు. మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఎదుటివాడి వాదాన్ని కాదనాలంటే ముందు దాన్ని మనమే చెప్పాలి. వాడు "అవును, ఇదే నా మాట" అనాలి. అప్పటిదాకా ఖండించే హక్కు లేదు. అదే పూర్వపక్షం. రాజసభల్లో ఉండవలసిన ఈ నియమాన్ని మా నాన్న వంటింట్లోకి తెచ్చారు. కాకరకాయ కూర వద్దనాలంటే ముందు కాకరకాయ గొప్పతనం అమ్మ ఒప్పుకునేలా చెప్పాలి. చెప్పేసరికి ఆకలి మండిపోయి ఆ కూరే తినేవాళ్ళం.

ఆయనకీ ఈ కట్టడి చెప్పి మొదలుపెట్టాను. "మేం మూర్ఖులం అంటారు."

"కాదండీ. మూర్ఖులనలేదు. మనిషి ఎంత చదివినా తనంతట తాను దేవుణ్ణి తెలుసుకోలేడు, దేవుడే చెప్పాలన్నారు. పెద్ద పెద్ద తత్త్వవేత్తలనీ ఆ లెక్కలోనే వేశారు."

"అంటే మీకు చెప్పాడు, మాకు చెప్పలేదు."

"అది మీ కోపం బావగారూ, నా వాదం కాదు."

ఆ కుర్రాడు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. ఆయన ముద్ద కలుపుతూ, "పోనీ, మీ పక్షం నేను చెప్పనా?" అన్నాడు. "దేవుడి సంగతి మనిషికి తేలదు. తేలనప్పుడు, తాతలు వెలిగించిన దీపాన్ని మళ్ళీ వెలిగించడమే మర్యాద. నిన్న మొన్న వచ్చినవాడు నాకంతా తెలిసిపోయిందంటే, అది జ్ఞానం కాదు, పొగరు. రోమ్‌లో విగ్రహాల తరఫువాళ్ళూ ఇదే అన్నారు. ఔనా?"

నా పక్షాన్ని అంత చక్కగా మా నాన్న కూడా నాకు చెప్పలేదు. కట్టడి ప్రకారం, "అవును, ఇదే నా మాట," అన్నాను. ఇక ఖండించే హక్కు ఆయనది.

"దారి తెలియనివాడు అడగాలి," అన్నాడాయన మెల్లగా. "తాత నడిచాడు కదా అని చీకట్లో నడవకూడదు. మా పాత రచయితల జవాబు అదీ."

నేను ఒక్కొక్క మాటే పేర్చాను. "మనిషికి తెలియదని ఇద్దరం ఒప్పుకున్నాం. తెలియదు కాబట్టి పాతదే పట్టుకోమని నేనంటాను. తెలియదు కాబట్టే పాతదాన్ని వదిలి, చెప్పేవాడి కోసం చెవి పెట్టమని మీరంటారు."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "అవును. ఇదే నా మాట. నా స్టూడెంట్లు కూడా ఇంత బాగా చెప్పరు."

ఇప్పుడు హక్కు నాది. జవాబు నాలుక చివర ఉంది, పదునైనదే. మా ముత్తాతగారైతే అప్పటికే పల్లకీ ఎక్కేవారు. అమ్మాయి నా వైపు చూడటం లేదు. కుర్రాడి కారు తాళాలు దాని గుప్పిట్లో ఉన్నాయి. బల్ల మీద పెట్టి ఉన్నవాటిని అది ఎప్పుడు తీసుకుందో నేను గమనించలేదు.

"మజ్జిగ పోసుకోండి, బావగారూ," అన్నాను.

ఆయన గిన్నె అందుకున్నాడు. మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. అమ్మాయి తాళాలు బల్ల మీద పెట్టి, "సో, మీ ఇద్దరికీ తెలీదన్నమాట. డేట్ ఫిక్స్ చేద్దామా?" అంది.

ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని పదును తగ్గిందో, చెప్పాలన్న కోరికే తగ్గిందో తేల్చుకోలేకపోతున్నాను. పెళ్ళి పొద్దున చర్చిలో, సాయంత్రం మంటపంలో జరిగింది. ఖర్చుకి, ఊళ్ళో మాకు మిగిలిన మామిడితోట అమ్మేశాను.