తోలు ఆరే పూట

సత్యరాజు చోడవరంలో మాడుగుల బస్సెక్కాడంటే ఆయనకి అక్కడ పనేదో ఉందని కాదు. అంత పేరున్న మాడుగుల హల్వా కూడా కొనడు. దిగి, టీ తాగి, మళ్ళీ అదే బస్సులో వెనక్కి వస్తాడు.

“ఏటి బాబాయ్, తోలు ఆరతందా?” అంటుంది కండక్టరు పైడితల్లి, టికెట్టు కొడుతూ.

చెరుకు కత్తులకి ఒరలు కుట్టడం ఆయన పని. తంగేడు చెక్కతో పదునుచేసిన తోలు నీళ్ళలో నానితే ఏ రూపమంటే ఆ రూపం పడుతుంది. గోరు తగిలితే గోరు, వేలు తగిలితే వేలు. ఆరాక ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. సత్యరాజు చేతులేమో ఊరుకోవు. ఆరిందా లేదా అని నొక్కి చూడకపోతే ప్రాణం కొట్టుకుపోతుంది. అందుకే తోలు ఆరే పూట ఊళ్ళో ఉండడు. కుమ్మరి కుండా, ఆడవాళ్ళ అప్పడమూ ఎండని పిలిచి పీట వేస్తాయి; ఈ తోలు మాత్రం ఎండ తగిలిందా, ముడుచుకుపోతుంది, వంచితే పెళుసుగా విరుగుతుంది. దానికి నీడ కావాలి, గాలి కావాలి, మనిషికి ఓపిక కావాలి. మొదటి రెండూ ఆయన ఇంట్లో దొరుకుతాయి.

ఈసారి బస్సులో కూర్చున్నా మనసు కుదురుగా లేదు. ఆరుతున్నది కత్తి ఒర కాదు, ఎస్సై అశ్విని పిస్తోలు ఒర. ఆమెది ఎడమచేతి వాటం, ఉన్న ఒరేమో కుడివైపుది. మర్నాడు పొద్దున్నే ఫైరింగు పరీక్ష. నిన్న ఆమె తూటాలు తీసేసి ఇస్తే, పిస్తోలుకి ప్లాస్టిక్ కవరు చుట్టి, దానిమీద తడితోలు అదిమి రూపు తెచ్చాడు. రూపు నిలిచేదాకా ఆమె స్టూలు మీంచి లేవలేదు. ఆ తర్వాతే పిస్తోలు పట్టుకుని వెళ్ళింది.

మాడుగులలో టీ గ్లాసు పట్టుకునేసరికి మబ్బు విడిచి ఎండ కాసింది. ఒర వేలాడుతున్నది పడమటి పంచలో. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా అక్కడికే వస్తుంది. భార్య ఏసుమణికి చెబుదామంటే ఫోను ఇంట్లోనే మర్చిపోయాడు. తిరుగుబస్సు ముందు చెరుకు ట్రాక్టరు ఊగుతూ పోతోంది, దారివ్వదు.

“కూకో బాబాయ్. నువ్వు నిలబడితే బస్సు పరిగెడతాదేటి?”

“ఎండొచ్చేసింది పైడితల్లీ. నా పని అయిపోనాది.”

ఇంటికొచ్చేసరికి పంచలో ఒర లేదు.

“ఏదే? పొయ్యి కాడ పెట్టేసేవా?”

“పెడితే నువ్వు బతకనిస్తావేటి? ఎండొచ్చిందని లోపలగదిలో కట్టేను. సూడు గానీ ముట్టుకోకు,” అంది ఏసుమణి.

ఒర చక్కగా ఆరింది, గోధుమరంగు తేలింది. అంచు కింద మాత్రం బొటనవేలంత గుంట.

“ఇది నువ్వేనా?”

“నా ఏలు అంత లావుందేటి? పొద్దున్న బస్సుకి ఎళ్తా ఎళ్తా నొక్కింది ఎవులు?”

సత్యరాజు చెంబుతో నీళ్ళు తెచ్చాడు. మళ్ళీ తడిపి రుద్దితే గుంట పోవచ్చు. కానీ నీడలో తెల్లారేలోగా ఆరదు, పొయ్యి సెగ చూపించాలి. చెంబు పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆఖరికి ఆ నీళ్ళు అరటిమొక్కకి పోసేశాడు.

సాయంత్రం అశ్విని వచ్చి ఒర ఎడమవైపు కట్టుకుంది. పిస్తోలు పెట్టి లాగి చూసింది. ఎక్కడా తట్టుకోలేదు. ఒర తలకిందులు చేసినా జారలేదు. అప్పుడు కనబడింది ఆ గుంట.

“సత్యరాజు గారూ, పోలీసువాళ్ళ వస్తువు మీద వేలిముద్ర వదిలేశారే.”

“ఆయన ఎప్పుడో దొరికిపోయేడమ్మా,” అంది ఏసుమణి, “ఒప్పుకోడంతే.”

అశ్విని నవ్వుతూ మరోసారి పిస్తోలు లాగింది. గుంట దగ్గర అంచు కొంచెం ఎత్తుగా ఉందేమో, సరిచేద్దామా అని సత్యరాజు వేలు ముందుకెళ్ళింది. సగంలో ఆపి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.