పుట్టిన తేదీ బయటికి ఉండాలె

పోయిన వారం బుధవారం ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు, మునగాల దాటిన తర్వాత, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్తున్న ఒక కిరాయి కారు ముందు ఎడమ టైరు పగిలింది. కారు డివైడర్ ఎక్కి పల్టీ కొట్టింది. డ్రైవర్ కాలు విరిగింది. పక్క సీట్లో కూర్చున్న మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. సూర్యాపేటలో ముప్పై ఎనిమిదేళ్లుగా టైర్లు బిగించిన మేస్త్రి ఆయన.

మర్నాడు మా పత్రికలో ఆ వార్త ఆరు లైన్లు వచ్చింది. ‘టైరు పేలడంతో కారు అదుపు తప్పి’ అని ఉంది. రాసింది కోదాడ విలేకరి. నేను రాసినా అదే రాసేవాణ్ని. ఇరవై ఆరేళ్లుగా ఈ రోడ్డు మీది ప్రమాదాలకు ఆ మాటలే వాడుతున్నాను. అవి తప్పని నాతో చెప్పిన వ్యక్తి ఒక్కడే. ఆ వార్తలో చనిపోయింది ఆయనే.

మా పరిచయం కూడా ఆ మాటలతోనే మొదలైంది. పంక్చర్ వేయించుకోవడానికి ఆగాను. ఆయన మా పత్రిక తెచ్చి, ఒక వార్త మీద నల్లటి వేలు పెట్టి, రాసింది నువ్వేనా అని అడిగాడు. నేనే అన్నాను.

“టైరు పేలింది అని రాసినవ్ సారూ. టైరు తనంతట తాను పేలదు. అదేమన్న దీపావళి బాంబా? ఎన్నేండ్ల టైరు, ఎవలు బిగించిన్రు, గది రాయాలె.”

పత్రికలో అంత జాగా ఉండదని చెప్పాను.

“మనిషి వయసు రాసినవ్ గదా. టైరు వయసుకు జాగ లేదా?”

పంక్చర్ డబ్బులిచ్చి వచ్చాను. ఆ తర్వాతి వార్తల్లో ఆ మాట మార్చలేదు.

ఆయనది మోతె దగ్గర ఊరు. పని నేర్చుకున్నది మిర్యాలగూడలో, రైసుమిల్లుల పక్కనున్న లారీ టైర్ల షాపులో. మోయాల్సిన దానికంటే ఎక్కువ ధాన్యం ఎత్తిన లారీల టైర్లు ఎట్లా చిట్లుతాయో పదేళ్లు చూశానని చెప్పేవాడు. అక్కడి నుంచి వచ్చేటప్పుడు పత్తి బోరాలు తూచే కొక్కెం కాంటా ఒకటి కొనుక్కొచ్చి, సూర్యాపేట షాపులో దూలానికి వేలాడదీశాడు. ఏ కొత్త టైరు వచ్చినా ముందు దాన్ని కాంటాకు తగిలించి, బరువు సుద్దముక్కతో దాని మీద రాసేవాడు. ఊళ్లో మరెవరూ టైర్లు తూచరు. అందుకే ఆయన్ను కాంటా మేస్త్రి అనేవాళ్లు. ఎదురుగా హోటల్లో కూర్చునేవాళ్లు రోజూ ఒక్కసారైనా “మేస్త్రీ, కిలో ఎట్ల ఇస్తున్నవ్?” అని అరిచేవాళ్లు. ఆయన తల ఎత్తకుండానే “కొసరు లేదు” అనేవాడు.

ఏడాదిన్నర కింద నేనొక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాను. వేగానికి పేరున్న రకం. ఈ వయసులో అదెందుకని చాలామంది అడిగారు. ముందు యజమాని పెద్దగా తిప్పలేదు కాబట్టి టైర్ల గీతలు బాగానే ఉన్నాయి. కారు రూపానికి పదహారు అంగుళాల చక్రాలు చిన్నగా కనిపిస్తున్నాయని, పదిహేడు అంగుళాల రిమ్ములు, వెడల్పు టైర్లు వేయించాలని మేస్త్రి దగ్గరికి వెళ్లాను. సైజు కూడా రాసుకెళ్లాను: 225/50 ఆర్ 17.

ఆయన సుద్దతో నేల మీద లెక్క వేశాడు. కారుతో వచ్చింది 205/55 ఆర్ 16. రెండువందల అయిదు మిల్లీమీటర్ల వెడల్పులో యాభై అయిదు శాతం టైరు చెంప, అంటే దాని పక్క గోడ, ఎత్తు. కింద ఒక చెంప, పైన ఒక చెంప, మధ్యలో రిమ్ము. కలిపితే చక్రం మొత్తం ఎత్తు ఆరువందల ముప్పై రెండు మిల్లీమీటర్లు. నేను రాసుకెళ్లింది ఆరువందల యాభై ఏడు. మీటరు వంద చూపించినప్పుడు కారు నూటనాలుగు మీద ఉంటుందని, బండి నాకే అబద్ధం చెబుతుందని వివరించాడు. పదిహేడు వేసుకోవాలనే ఉంటే 225/45 వేసుకొమ్మన్నాడు, ఎత్తు దాదాపు సరిపోతుంది. కానీ ముందు తూకం చూడమని, రిమ్ముతో సహా రెండు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి కాంటాకు ఎత్తాడు. పదహారుది పద్దెనిమిది కిలోలు. పదిహేడుది ఇరవై ఒకటిన్నర.

మూడున్నర కిలోలకు ఏమవుతుంది, డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని తిరుగుతున్నాం కదా అన్నాను.

“సారూ, వానకాలం రేగడి చేన్ల నడిసినవా? నెత్తి మీద పది కిలోల గంప ఉన్నా నడుస్తవ్. చెప్పుకు కిలో మట్టి అంటితే అడుగు పడదు. బండి మీది బరువు వేరు, బండి కాళ్లకు బరువు వేరు.”

ఆ బరువును ప్రతిసారీ తిప్పాలి, ప్రతిసారీ ఆపాలి అని చెప్పాడు. కారు ఉరకాలన్నా, బ్రేకు పట్టాలన్నా, గుంత ఎక్కి దిగాలన్నా చక్రం తేలిగ్గా ఉండాలి. నేను పదహారుకే ఒప్పుకున్నాను. ఆయన ఒకే సైజులో మూడు రకాల టైర్లు తూచాడు: ఎనిమిది కిలోల నాలుగువందల గ్రాములు, తొమ్మిది రెండువందలు, పది మూడువందలు. ఆయన చెప్పిన సూత్రం పట్టుకుని నేను అన్నిటికంటే తేలికది చూపించాను. ఆయన దాని చెంపను బొటనవేలితో నొక్కి, హుజూర్‌నగర్ రోడ్డులో మిల్లు లారీలు చేసిన గుంతల్లో ఇది చిరుగుతుందని పక్కన పెట్టాడు. మధ్యది ఎంచాడు. దాని మీద 91 అని ఉందో లేదో చూశాడు. ఒక్కో టైరు ఆరువందల పదిహేను కిలోలు మోస్తుందని ఆ అంకెకు అర్థం. ఏ సైజు మార్చినా ఆ అంకె కిందికి పోవద్దన్నాడు. ఆ టైర్లతో ఆ కారు ఎట్లా నడిచిందో నాకు తెలుసు. ఆయన మాటలో ఏదీ ఎక్కువ చెప్పింది కాదు.

ఆయనకు రెండు నియమాలుండేవి. టైరు చెంప మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అవి టైరుకు ఒక పక్కనే ఉంటాయి. ఆ పక్కను లోపలికి పెట్టి బిగిస్తే టైరు ఎప్పటిదో బయటికి తెలియదు. పాత టైర్లు అమ్మేవాళ్లు అట్లాగే బిగిస్తారు. మేస్త్రి మాత్రం ‘పుట్టిన తేదీ బయటికి ఉండాలె’ అనేవాడు. అట్లా తిప్పి బిగించడానికి వీలులేని టైర్లకు ఆ అంకెలు బయటి పక్కన పసుపు పెయింటుతో రాసేవాడు. ఎక్కడికి వెళ్లినా, ఆర్టీసీ బస్సైనా, పెళ్లి కారైనా, వంగి టైర్లు రెండు పక్కలా చూడకుండా ఎక్కేవాడు కాదు. చుట్టాలు నవ్వేవాళ్లు.

రెండో నియమం, వయసైపోయి విప్పిన టైరు మీద తేదీ పక్కనే పసుపు పెయింటుతో ఇంటూ గుర్తు వేసి, చెంపను కత్తితో కోసేయడం. కోస్తే మళ్లీ ఎవరూ వాడలేరు.

నా కారు పాత టైర్లకు ఏడేళ్లు. ఆయన నాలుగింటికీ గుర్తు వేశాడు. కత్తి తీశాడు. అప్పుడు షాపులో నాతోపాటు ఒక డ్రైవర్ ఉన్నాడు. వార్తల పని మీద పెద్దవూర, హుజూర్‌నగర్ వెళ్లాల్సి వస్తే నేను అతని కారే మాట్లాడుకునేవాణ్ని. అతని టైర్లు నున్నగా అయిపోయాయి.

“అన్నా, కోయనియ్యకు. నా బండికి గదే రిమ్ము. గీతలు సూడు ఎంత ఉన్నయో. అయిదు నెలలు నడిపి కొత్తయి ఏసుకుంట.”

కోయొద్దని నేను మేస్త్రికి చెప్పాను.

“గీతలు గాదు సారూ, వయసు సూడు. రబ్బరు గట్టిపడ్డది.”

అయిదు నెలలకే కదా, ఊళ్లోనే తిప్పుతాడు కదా అన్నాను.

ఆయన కత్తి కింద పెట్టాడు. “నీ టైర్లు, నీ ఇష్టం. నా షాపుల మాత్రం బిగియ్య.”

డ్రైవర్ వాటిని వేరే చోట బిగించుకున్నాడు. మేస్త్రి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అయిదు నెలలు గడిచాయి, పది గడిచాయి. టైర్లు మార్చావా అని నేను డ్రైవర్‌ను అడగలేదు. అడగడం నా ఉద్యోగం.

ఆ బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు మేస్త్రి ఫోన్ చేశాడు. ఆ రోజు నా కారు చక్రాల అలైన్‌మెంట్‌కు రమ్మని ముందే చెప్పి ఉన్నాడు, కానీ కోదాడలో చెల్లెలికి కంటి ఆపరేషన్ ఉందని, ఒంటిగంటలోపు చేరాలని, రేపు రమ్మని చెప్పడానికి చేశాడు. ఈ ఎండలో బస్సెందుకు, కారు పంపిస్తానన్నాను. వద్దన్నాడు. మళ్లీ అన్నాను. మళ్లీ వద్దన్నాడు. మూడోసారి నేను అడగలేదు, నేరుగా డ్రైవర్‌కు ఫోన్ చేశాను.

పోలీస్ స్టేషన్ ఆవరణలో ఆ కారు చూసినప్పుడు మధ్యాహ్నం రెండు. పగిలిన టైరు బయటి పక్క శుభ్రంగా ఉంది. లోపలి పక్క చూడటానికి నేను నేల మీద కూర్చోవలసి వచ్చింది. పసుపు ఇంటూ గుర్తు, పక్కనే నాలుగు అంకెలు. లెక్క వేశాను. ఎనిమిదిన్నరేళ్లు. ఆ గుర్తు మేస్త్రి చేత్తో వేసింది. ఆ టైరును కత్తి నుంచి తప్పించింది నేను.

శుక్రవారం దవాఖానలో డ్రైవర్‌ను చూశాను. గుర్తు కనబడితే ఎక్కేవాళ్లు అడుగుతారని ఆ పక్క లోపలికి పెట్టించానని ఒప్పుకున్నాడు. నేను అడగకుండానే ఇంకొక మాట చెప్పాడు.

“ఎక్కేటప్పుడు వంగబోయిండు అన్నా, టైరు సూడనీకి. పేపర్ సారు పంపిన బండి అని చెప్పిన. ఇగ సూడలే. నవ్వి ఎక్కి కూసున్నడు.”

ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన టైర్లు చూడకుండా ఎక్కిన బండి నాకు తెలిసి ఇదొక్కటే. ఇది ఎవరి మీద నమ్మకమో నేను వివరించాల్సిన అవసరం లేదు.

పరామర్శకు వెళ్లినప్పుడు మేస్త్రి భార్య నాకు కుర్చీ వేయించింది. “ఎండకు బస్సుల పోతడని బండి పంపినవ్ సారూ, గంత మంది ఉన్నా ఎవలు పంపుతరు?” అంది. నేను చెప్పాల్సింది చెప్పలేదు. మంచినీళ్లు తాగి వచ్చాను.

నాకు తెలిసి ఆయన పని నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. కాంటా ఇంకా దూలానికే ఉంది. షాపు ముందు ఆగే కార్లవాళ్లు షట్టర్ చూసి రెండు షాపుల అవతలికి పోతున్నారు. అక్కడ టైర్లు తూచరు, తేదీ ఏ పక్కకు పెట్టారో ఎవరూ అడగరు. మొన్న నేను కాసేపు నిలబడి చూశాను. ఏడు కార్లు వచ్చాయి. ఎవరూ వంగలేదు.

ఆయన నన్ను రాయమన్న మాటలు ఇప్పుడు రాస్తున్నాను. టైరు తనంతట తాను పేలలేదు. ఎనిమిదిన్నరేళ్ల టైరు అది. మేస్త్రి వద్దని గుర్తు పెట్టాడు, కోయబోతే నేను ఆపాను. ఇట్లాంటి మాటలు ఆయన అడిగిన రోజే రాయడం మొదలుపెట్టి ఉంటే, నాకు టైరు వయసు అడిగే అలవాటు ఉండేది.

ఇది గురువారం రాస్తున్నాను. ఆదివారం అచ్చవుతుంది. అంతకు ముందు, శనివారం మోతె దగ్గరి ఊళ్లో ఆయన పదకొండో రోజు. భోజనాలకు ముందే ఆయన భార్యకు ఈ సంగతి నా నోటితో చెప్పాలి. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు కుర్చీ వేయకపోవచ్చు.

సోమవారం ఉదయం పదకొండు గంటలకు వాహనాల ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు వచ్చి కారును పరీక్షిస్తారు. పన్నెండు గంటలకు నా వాంగ్మూలం. టైరును విప్పి, నంబరు చీటీ కట్టి, గోడ పక్కన లోపలి చెంప పైకి వచ్చేలా పడుకోబెట్టారు. ఎండకు పసుపు గుర్తు కొంచెం వెలిసింది. పుట్టిన తేదీ ఇప్పుడు బయటికే ఉంది.