రేడియేటర్‌కు లగేజీ టికెట్టు

శుక్రవారం ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. ఒళ్లో గోనెసంచి, సంచిలో మా ఆయన కారు రేడియేటర్. ఆధార్ కార్డు చూసి కండక్టరు నాకు సున్నా టికెట్టు కొట్టాడు. సంచిని తట్టి చూసి దానికి లగేజీ టికెట్టు కొట్టాడు.

"నేను ఊరికే పోవచ్చు, ఇది పోగూడదా అప్పా?"

"ఇది ఆడమనిషి కాదు గదవ్వా."

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా ఆయన మిషన్ ఆసుపత్రిలో డ్రైవరు. అక్కడి దొర డాక్టరు తన దేశానికి పోతూ రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆయనకిచ్చిపోయాడు. మా ఆయన చనిపోయాక దాన్ని తుడిచి, మెకానిక్ బాషాతో అప్పుడప్పుడూ తోలించి, బతికించుకుంటూ వచ్చాను. పోయిన వారం పక్కనే ఉన్న అంగళ్లు ఊరు చేరేలోపే పొగలు కక్కింది. రేడియేటర్ గొట్టాలు పుచ్చిపోయాయి, ఇక మాటు వేసినా నిలవదన్నాడు బాషా. నా కొడుకు ప్రభుదాసు ఆ మాటకే కాచుకున్నట్టు, హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టు వాళ్లకు కారు ఇచ్చేస్తానన్నాడు. నడపడానికి కాదు. గుమ్మం ముందు నిలబెడితే వచ్చినవాళ్లు ఫోటోలు దిగుతారట. సోమవారం లారీ వస్తుందట.

పుంగనూరులో దిగి ఇడ్లీ తిన్నాను. చట్నీలో నీళ్లు తప్ప ఏమీ లేవు; ఈ దారిన పోయేవాళ్లు ఇంట్లో తిని బయల్దేరండి. స్పేరు పార్టుల అంగడి తొమ్మిదిన్నరకు గాని తెరవలేదు. తెరిచాక అంగడాయన నా సంచి విప్పకుండానే ఒక ట్రాక్టరు రేడియేటర్ తెచ్చి పెట్టాడు.

"ఇది మా బండికి పట్టదప్పా. జానెడు ఎక్కువుండాది."

"బండి ముందర ఇనుము రెండు పక్కలా కోసేస్తే అడ్జస్ట్ అయిపోతాదవ్వా."

"నేను బండికి రేడియేటర్ కోసరం వచ్చినా. రేడియేటర్‌కి బండి కోసరం రాలా."

అక్కడ గ్రీజు కొంటున్న లారీ డ్రైవరొకడు, "కుప్పం పో అవ్వా. ఆడ గ్రానైట్ లారీలకి రాగి కోర్ ఏసే అంగళ్లుండాయి" అన్నాడు. కోర్ అంటే లోపల నీళ్లు చల్లారే గొట్టాల అల్లిక.

పలమనేరులో బస్సు మారాను. మళ్లీ ఆధారు, మళ్లీ లగేజీ టికెట్టు. బైరెడ్డిపల్లెలో ఒకామె ఎక్కి, ముగ్గురున్న సీటులో నాలుగోదై, "రవంత అడ్జస్ట్ చేసుకోమ్మా" అంటూ నా సంచి మీదే మోచెయ్యి ఆనించింది. అందరూ ఆ ఒక్క ఇంగ్లీషు ముక్క నేర్చుకుని బడి మానేసినట్టున్నారు. నేను మూడో తరగతిలోనే మానేశాను, అయినా అది నాకంటలేదు.

ఒంటిగంటకు కుప్పం. మొదటి అంగట్లో తళతళలాడే అల్యూమినియం రేడియేటర్ చూపించారు. పైనా కిందా ట్యాంకులు ప్లాస్టిక్‌వి. "పాతదాని ఇత్తడి ట్యాంకులు నాకిచ్చెయ్, రేటు తగ్గిస్తా" అన్నాడు. గోరుతో ప్లాస్టిక్ గీకితే గీత పడింది. సంచి ఎత్తుకుని లేచాను.

రైల్వే స్టేషను దారిలో మునెప్ప అనే ఆయన, ఇత్తడి ట్యాంకులు అలాగే ఉంచి మధ్యలో కొత్త రాగి కోర్ వేస్తానన్నాడు. సరేనన్నాను. తీరా ఆయన తెచ్చిన కోర్‌లో గొట్టాలు మూడు వరసలే. పాతదానికి నాలుగు.

"మూడు సాలవ్వా. ముసిలి బండి, యాడికి పోతాది? అడ్జస్ట్ అవుతాది."

"హార్స్లీ కొండెక్కతాది. నాలుగేయి."

గొణుక్కుంటూ నాలుగు వేశాడు. అయిందాకా ఎదురుగా స్టూలు మీంచి లేవలేదు. టీ ఇచ్చినా తాగలేదు, తాగితే మెత్తబడాలి. చివరికి నీళ్లతొట్టిలో ముంచి గాలి కొట్టాడు. ఒక్క బుడగ రాలేదు.

"ఇంగ తిట్టవు గదా?"

"బండి ఉడికితే తిడతా."

ఐదింటి బస్సులో కూర్చుని ప్రభుదాసుకు ఫోన్ చేసి, లారీ వద్దని చెప్పమన్నాను.

"మాటిచ్చినా గదమ్మా. ఆడ బండి నిలబెట్టేదానికి అరుగు గూడా కట్టేసినారు. నువ్వే కొంచెం అడ్జస్ట్ చేసుకోవాల."

ఫోన్ పెట్టేశాను.

పాత బండి సామాను కోసం ఎవరైనా ఇటు వస్తే పుంగనూరులో దిగకండి, నేరుగా కుప్పం పోండి. పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, కళ్లముందే చేయించుకోండి. నా ఒళ్లో రేడియేటర్ తొట్టిలో మునిగి చల్లారింది, నా కోపం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

రేపు బాషా బిగిస్తాడు. సోమవారం లారీ బయల్దేరకముందే బాషా తోలుతాడు, పక్కన నేను కూర్చుంటాను. కొండెక్కి, వాళ్లు కట్టిన అరుగు చుట్టూ ఒకసారి తిప్పి, దిగి వచ్చేస్తాం. ప్రభుదాసు కూడా వస్తానంటాడేమో. ఆ బండిలో ఉండేవి రెండే సీట్లు. ఎంత అడ్జస్ట్ చేసుకున్నా మూడో మనిషి పట్టడు.