పడ్డ ముందు తిట్టకూడదు

ఆ రోజుల్లో నాకు సంతకం కూడా రాదు. అక్షరాలు యాభై దాటాక మహిళా సంఘం బడిలో నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ నోటితో చెప్పి నవ్వించడమే తప్ప కాగితం మీద పెట్టలేకపోయాను. నోటితో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు మధ్యలో అందుకుని తమ గేదె కథ మొదలుపెట్టేవారు. కాగితం మీద ఆ బాధ లేదు.

గరివిడి దగ్గర పల్లెకు కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా నాన్న నాతో ఒక గేదె పడ్డను పంపాడు. దూడప్పటి నుంచీ నా చేతి గడ్డి తిని పెరిగింది. ఈడు దాటుతున్నా అది ఎదకు రాలేదు. ఎండాకాలం గడిచేలోగా రాకపోతే సంతకు తోలేస్తానని అత్త తేల్చేసింది. (సంతకు వెళ్ళిన గొడ్డు పడ్డ ఎక్కడికి చేరుతుందో చెప్పక్కర్లేదు.) నాకు కాలు నిలిచేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పశువుల పాకలోకి వెళ్ళి, ఎద జాడ కోసం దాని తోక చూడాలనిపించేది.

పశువుల డాక్టరు వచ్చి చూసి, కడుపులో లోపమేమీ లేదన్నాడు. అండాశయంలో ఊరే హార్మోను రక్తంలో పడి మెదడుకు చేరుతుందట. అక్కడి కణాలు కొన్ని ఆ కబురు అందుకుని, పండిన అండాన్ని విడవమని తిరిగి ఆజ్ఞ పంపుతాయట. పశువు ఎదకు వచ్చేది అప్పుడేనట. ఎండకూ బెదురుకూ ఆ కణాలు పలకవు కాబట్టి నీళ్ళు పోసి చల్లగా ఉంచమని, దాని దగ్గర కేకలు పెట్టొద్దని చెప్పి వెళ్ళాడు.

అత్త అంతా విని, "అయితే రోగం తలకాయిలో ఉన్నాదన్నమాట. ఇకమీదట దాని ముందర ఎవులూ నోరెత్తకండి" అంది. మావగారితో సహా ఇంటిల్లిపాదికీ అదే చట్టం.

నేను మెల్లగా చేట, బియ్యం, ఆకుకూర అన్నీ పాకలోకి మార్చేశాను. అత్త తిట్టు నోటిదాకా తెచ్చుకుని గుమ్మంలోకి వచ్చేది. పడ్డ చెవులు ఆడించేది. అత్త గుటక వేసి, పెళ్ళిపందిట్లో పలకరించినట్టు, "ఓలమ్మా, పులుసులో ఉప్పు మరిసిపోనావు. ఓపాలి బయటికి రా, సెప్తాను" అనేది. నేను పడ్డ మెడ నిమురుతూ, "ఇప్పుడే కునుకు తీస్తన్నాది అత్తా" అనేదాన్ని. అలా సుఖంగా ఉన్నానా అంటే అదీ లేదు. పడ్డ ఎదకు వస్తే దాని ప్రాణం నిలుస్తుంది, నా పాక పోతుంది. రాకపోతే రెండూ పోతాయి.

ఒకనాడు తెల్లవారేసరికి అది మేత ముట్టలేదు. తోక ఎత్తి, అరుస్తూ, గుంజ చుట్టూ తిరిగింది. దాని వెనకే నేనూ తిరిగాను. ఈ అదును తప్పితే మళ్ళీ మూడు వారాలు, అత్త గడువు పెట్టిన సంత అంతకు ముందే. పాక సంగతి మరిచిపోయి పరుగెత్తి అత్తను లేపాను. "తలకాయికి కబురందినాదే" అంటూ అత్త చెప్పులు కూడా తొడుక్కోకుండా పడ్డను తోలుకుని బయల్దేరింది. పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఎద సూది వేసి, చూడి నిలిచేదాకా దాన్ని బెదరనివ్వొద్దన్నాడు. తిరిగొచ్చే దారిలో అత్త, ఇక సంత మాట లేదంది. పడ్డా దక్కింది, పాకా దక్కింది. నా కాళ్ళు నేల మీద లేవు.

మర్నాడు పొద్దున్నే చేట పట్టుకుని వెళ్తే, నా చోట్లో అత్త కూర్చుని ఉంది. తువ్వాలు కనబడలేదని ఇంట్లోంచి మావ కేకలు. ఆయన అరుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, పడ్డను చూసి, పళ్ళు నూరుతూ వెనక్కి వెళ్ళాడు. అత్త కొంచెం జరిగి, "రావే, కూకో. ఇక్కడ సల్లగున్నాది" అంది. పక్కన కూర్చున్నాను. తిట్లు లేకుండా అత్తతో ఏం మాట్లాడాలో తెలియక, ఆ పిచ్చి పిల్ల, అప్పటి నేనే, చాలాసేపు ఆలోచించి, పడ్డ కులాసాయేనా అని అడిగింది.