బావ వెనకాలే ట్యాంకులోకి

ఆ మధ్యాహ్నం నాకు మొదట వచ్చిన లక్షణం నవ్వు. ప్రతిదానికీ నవ్వే అలవాటు ఉంది కాబట్టి దాన్ని జబ్బుగా గుర్తించలేదు. తర్వాత నిచ్చెన మీద మోకాళ్లు ఎవరివో అన్నట్టు వంగిపోయాయి. ఆపైన ఏమీ గుర్తులేదు.

మాది హోసూరు పక్క తళి దగ్గర పల్లె. సముద్రం ఎటుందో కూడా తెలియని ఊరి నుంచి నేనూ, మా అక్క మొగుడూ ఒకే ఓడలో పనికి కుదిరాం. బావ ఫిట్టర్, నేను ఆయనకు సహాయకుణ్ణి. ఓడ మరమ్మతులకు డ్రై డాక్‌లోకి వెళ్లేముందు ఓడ నిలకడ కోసం అడుగున నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకులు తోడేసి, మూతలు తెరిచి, బ్లోయర్‌తో గాలి పంపి, మీటరుతో ఆక్సిజన్ చూశాకే దిగాలి. మూసిన ట్యాంకులో తుప్పే ఆక్సిజన్‌ను తినేస్తుంది. వాసన కూడా రాదు.

ఆ రోజు ఒక ట్యాంకు మూత అప్పుడే తెరిచాం. బ్లోయర్ ఇంకా పెట్టలేదు. బావ చేతిలోని స్పానర్ జారి అందులో పడింది.

"కనిపిస్తా ఉంది కదప్పా, ఇట్ల పోయి అట్ల వస్తా" అని దిగాడు. నిచ్చెన చివర కూర్చున్నట్టు కూలిపోయాడు.

పైన నిలబడ్డవాడు రేడియోలో చెప్పాలి, లోపలికి పోకూడదు. శిక్షణ పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు. కానీ మా ఊళ్లో ఎవరైనా బావిలో పడితే పక్కవాడు చొక్కా కూడా విప్పకుండా దూకేస్తాడు. గట్టున నిలబడ్డవాణ్ణి ఊరు జన్మంతా ఎత్తిపొడుస్తుంది. రేడియోలో అరిచేంతవరకు నేను ఓడ మనిషిని. ఆ తర్వాత మా ఊరి మనిషినై దిగిపోయాను.

గాలి సిలిండర్లు తగిలించుకుని వచ్చినవాళ్లకు నేను బావ మీద అడ్డంగా దొరికాను. ట్యాంకు ఇరుకు నోట్లోంచి ఒక్కొక్కర్నే లాగాలి. ముందు నన్ను తీశారు.

రేవు ఊరి ఆస్పత్రిలో నాకు తలనొప్పి, వాంతులు, అంతే. "యూ ఆర్ లక్కీ" అన్నాడు డాక్టర్. బావ ఐసీయూలో, వెంటిలేటర్ మీద. గొట్టం తీశాక ఆయన అడిగిన మొదటి మాట, "స్పానర్ దొరికిందా?" అందరం నవ్వాం. తర్వాత నీళ్ల గ్లాసుకు చెయ్యి చాపితే ఆ చెయ్యి ఎగిరి నర్సు మొహాన నీళ్లు కొట్టింది. దానికి ఎవరమూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక హోసూరులో న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ చూసి, "హైపాక్సిక్ బ్రెయిన్ ఇంజురీ, ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతింది. ఈ కుదుపు మయోక్లోనస్. తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారు.

బయట బెంచీ మీద అక్క అడిగింది: "నువ్వు దిగకుంటే ఆయన్ని ముందే తీసుందురు కదరా?"

"అవునక్కా" అన్నాను. ఏ సందర్భానికైనా నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ రోజు లేదు.

మాత్రలతో, ఫిజియోథెరపీతో బావ చేతులు కుదుటపడ్డాయి. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. మత్తుగా ఉందని ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. హోసూరు బస్టాండులో కాళ్లు ఎగిరి పడిపోయాడు. మళ్లీ మొదటికొచ్చాం.

ఇప్పుడు తళి దగ్గర గులాబీల గ్రీన్‌హౌస్‌లో ఇద్దరం పనిచేస్తున్నాం. నేను పూలు కోస్తాను. కత్తెర పట్టలేని బావ వాటిని లెక్కపెట్టి కట్టిస్తాడు. స్పానర్ పట్టి బోల్టు తిప్పిన చేతికి కాఫీ సగం గ్లాసే పోస్తుంది అక్క.

మొన్న అక్కడి నీళ్ల సంపు కడగాలన్నారు. చాలాకాలంగా మూసి ఉన్నది. మూత తీయగానే నేను వంగి చూశాను, చూద్దామనే. వెనక నుంచి చొక్కా పట్టుకున్నాడు బావ.

"యాడికప్పా? ఈడే ఉండు."

చెయ్యి కుదుపుకు ఎగురుతూనే ఉంది, పట్టు మాత్రం వదల్లేదు. రెండు గుండీలు తెగిపోయాయి.

సంపు, సెప్టిక్ ట్యాంకు, పాతబావి, ఏదైనా సరే, లోపల మనిషి పడిపోతే మీరు దిగకండి. అరవండి, ఫైర్ వాళ్లను పిలవండి, తాడు అందుతుందేమో చూడండి, గట్టునే నిలబడండి. ఊరు ఏమైనా అననీ. లోపలి మనిషిని పైకి తీసే దారికి అడ్డం లేకుండా ఉంటుంది.