వెనక చక్రంలో గాలి లేదు, పక్కనే పంపు ఉంది

భవానీపురంలో బాలశౌరి ఇల్లెక్కడని అడిగితే నలుగురూ మొహాలు చూసుకుంటారు. పెట్టెల శౌరి అని అడగాలి. అప్పుడు బడికెళ్ళే పిల్లలు కూడా సందులోకి వేలు పెట్టి చూపిస్తారు. పెట్టెలంటే హార్మోనియం పెట్టెలు. చిరిగిన తిత్తికి కొత్త తోలు అంటించడం, మూగబోయిన రీడు విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ పలికించడం శౌరి పని. పనిముట్ల సంచి క్యారియర్‌కి కట్టుకుని ఇటు మైలవరం దాకా, అటు ఉయ్యూరు అవతలి ఊళ్ళ దాకా సైకిలు మీదే తిరిగేవాడు. క్రైస్తవుల ఆర్‌సీఎం గుడి అనీ లేదు, భజన మందిరం అనీ లేదు. ఎవరి పెట్టెలోనైనా ఉండేది గాలే కదండీ అనేవాడు. తిత్తిలో గాలి ఎక్కడ కారిపోతోందో చెంప ఆనించి చెప్పేసేవాడు.

అలాంటి మనిషికి తొంభై ఆరో సంవత్సరం ఫిబ్రవరిలో ఒకనాడు, తన సైకిలు వెనక చక్రంలో గాలి ఎందుకు పోయిందో మాత్రం అంతుపట్టలేదు.

ఆ రోజు అతను వెళ్ళింది అక్క తెరేసమ్మ ఊరికి. ఉయ్యూరు దాటాక పుల్లేరు కాలవ పక్కన చిన్న ఊరు. అమ్మ పోయాక శౌరిని పెంచింది తెరేసమ్మే. జడ వేసుకునే వయసులో చంకన వేసుకు తిప్పింది. పెళ్ళై వెళ్ళేటప్పుడు కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. అలాంటి అక్కకి మాట మాత్రం చెప్పకుండా శౌరి పెళ్ళి చేసుకొచ్చాడు. కైకలూరు వైపు ఒక భజన మందిరంలో పెట్టె బాగుచేయడానికి పోయి, కొల్లేట్లో చేపలు పట్టే తిరుపతిరావు కూతురు గంగాదేవిని చూశాడు. రిజిస్టరాఫీసులో దండలు మార్చుకున్నారు. అదే నెలలో అక్క అతనికోసం కంకిపాడులో ఒక సంబంధం మాట్లాడి, ఫాదర్ గారికి కూడా చెప్పి ఉంచింది. తమ్ముడి పెళ్ళి సంగతి ఆవిడకి తెలిసింది బస్సులో, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నోట. ఆనాటి నుంచి మాటల్లేవు.

ఇప్పుడు గంగాదేవికి ఎనిమిదో నెల. కాళ్ళు వాచిపోతున్నాయి. పుట్టింటివాళ్ళు గడప తొక్కనివ్వరు. తల్లి ఎప్పుడో పోయింది.

"ఇంట్లో పెద్ద ఆడమనిషి ఒకరుంటే నాకు ధైర్యంగా ఉంటుందయ్యా. మీ అక్కని అడగవా?" అంది ఒక పొద్దున.

"అడుగుతా" అన్నాడు శౌరి. పెట్టెని పలికించడం తేలికే. తన నోరు తెరవడమే అతనికి గండం.

చెరుకు బళ్ళ వెనకాల బందరు రోడ్డంతా తొక్కుకుంటూ, ఎండ ముదిరే వేళకి అక్క వాకిట్లో దిగాడు. బావ జాన్‌బాబు కాలవ మీద లస్కరు, లాకుల తలుపులు ఎత్తి దించే పని. లాకుల దగ్గర్నుంచి అప్పుడే వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు.

"ఏవోయ్ బావమరిదీ! దారి తప్పావా ఏంటి?"

"ఇటే వస్తున్నా బావా."

అరుగు మీద తెరేసమ్మ మినుములు చెరుగుతోంది. తలెత్తలేదు. చేట కిందకి వచ్చిన కోడితో అంది:

"ఏమే నల్లదానా, ఎండనపడి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగుతారో, పట్నం మనుషులు కదా, కూల్‌డ్రింకులే తాగుతారో కనుక్కో."

ఎవరికి జవాబు చెప్పాలో శౌరికి తెలియలేదు. చివరికి "నీళ్ళు చాలని చెప్పవే" అన్నాడు కోడితోనే.

జాన్‌బాబుకి నవ్వాగలేదు. తెరేసమ్మ చేట కింద పెట్టి లోపలికి పోయి, చెంబు తెచ్చి, తమ్ముడి చేతికి ఇవ్వకుండా అరుగు చివర పెట్టి, మళ్ళీ చేట అందుకుంది. లోపల్నించి బొమ్మిడాయిల పులుసు వాసన వస్తోంది. నీళ్ళు తాగుతూ శౌరి మాట కూడదీసుకున్నాడు. 'అక్కా, గంగకి...' అని లోపల అనుకున్నాడు. పైకి వచ్చింది వేరే.

"గుడిలో పెట్టె ఎలా ఉందో చూద్దామని వచ్చా బావా."

"చూశావటే నల్లదానా," అంది తెరేసమ్మ, "కొంతమందికి పెట్టెలకి జబ్బు చేస్తేనే అక్కలు గుర్తొస్తారు."

ఆ మాట శౌరికి ఎక్కడో గుచ్చుకుంది. లేచాడు. జాన్‌బాబు "అన్నం తిని పోవయ్యా" అంటే "పనుంది బావా" అని, అబద్ధం నిజం చేయడానికి పక్కనున్న గుడిలోకి పోయి పెట్టె తెరిచాడు. దానికి ఏ జబ్బూ లేదు. శుభ్రంగా పలుకుతోంది. కాసేపు ఊరికే తిత్తి ఊపుతూ కూర్చుని, మళ్ళీ వెళ్ళి అడుగుదామా, అక్క ఎలాగూ మొహం చూడలేదు కదా వెళ్ళిపోదామా అని తేల్చుకోలేక, చివరికి వెళ్ళిపోదామనే బయటికొచ్చాడు.

సైకిలు అక్క వాకిట్లో పెట్టినచోటే ఉంది. వెనక చక్రం నేలకి అంటుకుపోయి ఉంది. చక్రం పక్కనే, గోడకి ఆనించి, గాలి కొట్టే పంపు నిలబెట్టి ఉంది.

శౌరి చుట్టూ చూశాడు. జాన్‌బాబు మొహం మీద తువాలు కప్పుకుని మంచం మీద పడుకున్నాడు. వంటింటి గుమ్మంలోంచి తెరేసమ్మ వీపు మాత్రం కనిపిస్తోంది. కోడి తప్ప అతనికేసి చూసేవాళ్ళు లేరు.

ఆ కాలవగట్టు ఊళ్ళలో చుట్టాల సైకిలు గాలి తీయడం కొత్తేమీ కాదు. అన్నం తినకుండా పోతానని మొరాయించే బావగార్లకీ మేనమామలకీ వెనక చక్రం వాల్వు నట్టు వదులు చేసి గాలి తీసేస్తారు. తీసినవాళ్ళు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇక ఎలా పోతావో చూస్తాం అని పడీపడీ నవ్వుతారు. చుట్టం నాలుగు తిట్లు తిట్టి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటాడు. అది ఒక గాలి తీయడం. ఇంకోటి కూడా ఉంది. గంగని తీసుకురావడానికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాళ్ళు రెండు చక్రాల్లోనూ గాలి తీసి, మళ్ళీ ఈ గట్టున కనపడ్డావంటే సైకిలుండదు, నువ్వూ ఉండవు అన్నారు. అదీ గాలి తీయడమే.

మరి ఇది ఏది? ఉండమనడమైతే ఎవరూ నవ్వరేం? పొమ్మనడమైతే అక్క అంత పని చేస్తుందా? మధ్యలో ఈ పంపొకటి. గాలి తీసి పంపు పెట్టడమంటే ఏంటి అర్థం? నీ గాలి నువ్వే కొట్టుకుని నీ దారిన నువ్వు పో అనేగా? అలా అనుకునేసరికి మొహం వేడెక్కిపోయింది. పంపు ముట్టుకోలేదు. వదులైన నట్టు బిగించి, సైకిలు ఎక్కి, గాలి లేని చక్రం మీదే తొక్కడం మొదలుపెట్టాడు.

దిగి నడిపించుకుపోవచ్చు. కానీ వెనకాల ఇల్లు కనపడుతున్నంతసేపు దిగాలనిపించలేదు. ఇల్లు కనపడకుండా పోయాక దిగాలన్న సంగతే గుర్తుకు రాలేదు.

రిమ్ము ప్రతి రాయికీ కొట్టుకుంటోంది. నడుం దాకా అదురు. క్యారియర్ మీద సంచిలో పనిముట్లు గలగలమంటున్నాయి. చక్రం పాములా మెలికలు తిరుగుతోంది.

"ఓ గురువుగారూ! వెనక టైర్లో గాలి లేదు!" అన్నాడు చెరుకు బండి మీది మనిషి.

"తెలుసండీ."

"తెలిసే తొక్కుతున్నారా!"

ఇంకొంచెం ముందు గడ్డిమోపు దించుకుని కూర్చున్న ముసలమ్మ, "నాయనా, నీ బండి కుంటుతోంది" అంది. శౌరి ఆవిడకీ తల ఊపాడు. ఎదురొచ్చిన పాలాయన సైకిలు ఆపి మరీ చెప్పాడు. ఊరందరికీ కనిపిస్తోంది గాలి లేదని. ఎందుకు లేదో చెప్పేవాళ్ళే లేరు.

తొక్కుతున్నకొద్దీ ఆలోచన కూడా మెలికలు తిరిగింది. అక్కే తీసిందనుకుందాం. మాట్లాడని మనిషి గుమ్మానికడ్డం నిలబడి నవ్వుతుందా? నవ్వదు. అయితే ఉండమనే తీసింది. మరి పంపో? బావ తీశాడనుకుందాం. బావకి నా మీద కోపమేముంది? అసలు ఎవరూ తీయలేదేమో, నట్టు దానంతటదే వదులైందేమో. అలాగైతే పంపు దానంతటదే నడిచొచ్చిందా?

లాకుల దగ్గర సైకిలు షాపు వచ్చింది. షాపు కోటిది. పక్కనే అతని భార్య మాణిక్యమ్మ పునుగులు వేస్తోంది. కోటి టైరు ఊడదీసి, ట్యూబుకి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పాడు. నట్టు మొదట్లో బుడబుడమని బుడగలొచ్చాయి.

"ముల్లూ లేదు, మేకూ లేదండీ. ఖాళీ చక్రం మీద తొక్కి వాల్వు మొదట్లో చీల్చేసుకున్నారు. ఇది అతుక్కోదు. కొత్త ట్యూబు ఉయ్యూరు నుంచి తెప్పించాలి. ఇంతకీ గాలెలా పోయింది?"

శౌరి చెప్పాడు. చెప్పడం అలవాటు లేని మనిషి కదా, ముందు పంపు, తర్వాత కోడి, ఆ తర్వాత అక్క. కోటికి ఏమీ అర్థం కాలేదు.

"గాలి తీసి పంపెవరు పెడతారండీ? మాకు బేరం లేకుండా చేయడానికి కాకపోతే!" అన్నాడు.

"నువ్వుండవయ్యా," అంది మాణిక్యమ్మ. "అయితే అన్నగారూ, మీరు అక్కగారింటికి దేనికెళ్ళినట్టు?"

"మా ఆవిడకి ఎనిమిదో నెలమ్మా. పురిటికి సాయం రమ్మని అడగడానికి."

"రానందా?"

"అడగలేదు."

"అయ్యో రాత! ఇంతసేపూ ఆవిడ ఏవందో, ఏవనుకుందో చెబుతున్నారు. మీరే ఏవీ అనలేదా!"

శౌరి ఆవిడ పెట్టిన పునుగుల పొట్లం చేత్తో పట్టుకుని కాలవగట్టు మీద కూర్చున్నాడు. గాలి సంగతి తేలలేదు. తేలేట్టు కూడా లేదు. అది ఉండమనడమైనా పొమ్మనడమైనా, తను వచ్చిన పని మాత్రం చేయలేదు. గంగకి వెళ్ళి ఏం చెబుతాడు, గాలి పోయిందని చెబుతాడా? సైకిలు కోటి దగ్గరే వదిలేసి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. పాలాయన మళ్ళీ ఎదురై, "సైకిలు కూడా పోయిందా?" అన్నాడు. శౌరికి వినపడలేదు.

అక్క ఇంటి దడి దగ్గరికి వచ్చేసరికి లోపల్నించి కేకలు.

"వాడు తినకుండా పోతున్నాడని నేను గాలి తీస్తే, నువ్వు పంపు తెచ్చి పెడతావా? బుద్ధుందా అసలు నీకు?"

"నాకేం తెలుసే! కోపంతో తీశావనుకున్నా. పాపం ఎండలో ఎలా పోతాడని పంపు పెట్టా. నీకు తెలియకూడదని నిద్ర నటించా కూడా."

"కోపమైతే పొద్దున్న కొన్న బొమ్మిడాయిలు వాడికిష్టమని పులుసు పెడతానా? వీధి మలుపులో సైకిలు చూడగానే పొయ్యి మీద పెట్టా."

"మరి నోటితో ఉండమనొచ్చుగా!"

"ఎలా అంటాను? మాటల్లేవుగా!"

శౌరికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. దడి తలుపు తోశాడు. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసినవాడిలా, చెప్పులు విప్పకుండానే అనేశాడు.

"అక్కా, గంగకి ఎనిమిదో నెల. కాళ్ళు వాచాయి. భయపడుతోంది. నువ్వు వచ్చి ఉండాలి. నేను అప్పుడు నీకు చెప్పకపోవడం తప్పే."

తెరేసమ్మ అలవాటుగా కోడికోసం చూసింది. అది ఎటో పోయింది. తమ్ముడి మొహం తప్ప చూడటానికి అక్కడింకేమీ లేదు.

"ఎనిమిదో నెలా?" అంది. "ఒరేయ్, ఎనిమిదో నెల వచ్చేదాకా నోట్లో ఏం పెట్టుకున్నావురా? వాపు పాదాలకేనా, మొహానికి కూడానా?"

"పాదాలకే... అనుకుంటా."

"అనుకుంటాడట! చూడవద్దూ?" అని గబగబా లోపలికి పోయింది. చీరలు దులిపిన చప్పుడు వినిపించింది. మధ్యలో తల బయట పెట్టి, "ముందు కాళ్ళు కడుక్కుని తిను. పొద్దున్నించీ ఏం తిన్నట్టు లేవు" అంది. మళ్ళీ తల పెట్టి, "ఆ పిల్ల చేపలు వండటం ఎలా వండుద్దిరా?" అంది. ఏం చెబితే ప్రమాదమో తెలియక శౌరి పులుసులో తల దూర్చాడు.

"నా సంగతేంటే మరి?" అన్నాడు జాన్‌బాబు.

"నీకు పంపుందిగా" అంది తెరేసమ్మ.

బస్సులో భవానీపురం చేరేసరికి వీధి దీపాలు వేస్తున్నారు. గంగాదేవి గుమ్మంలోనే ఉంది. ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. వదినా అని పిలవొచ్చో లేదోనని గంగాదేవి, అమ్మాయీ అనాలో పేరు పెట్టాలోనని తెరేసమ్మ, ఇద్దరూ అలాగే నిలబడ్డారు. సంచి మోస్తున్న శౌరి ఎవరి పక్కన నిలబడాలో తెలియక మెట్టు మీదే ఉండిపోయాడు.

చివరికి తెరేసమ్మ వంగి గంగాదేవి పాదం బొటనవేలితో నొక్కి చూసింది. నొక్కినచోట గుంట పడి, నెమ్మదిగా పైకి లేచింది.

"ఉప్పు తగ్గించాలి. పొద్దున్నే ఆస్పత్రికి పోదాం," అంది. "ముందు కూర్చో తల్లీ, నిలబడకు." ఆ తర్వాత వెనక్కి తిరక్కుండానే, "ఒరేయ్ శౌరీ, నా మంచం ఎక్కడ వేస్తున్నావు?" అంది.